ఓడ తప్పిపోవుట నివారణ

రాష్ట్ర విసనకర్రల అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం నంద్యాలలో, రైల్వే స్టేషనుకు రెండు వీధుల అవతల ఉంది. ఆ కార్యాలయంలో పదకొండు సీలింగు ఫ్యాన్లు, డైరెక్టరుగారి గదిలో రెండు ఏసీలు ఉన్నాయి. విసనకర్ర మాత్రం ఒక్కటే ఉంది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి బాధ్యత సీనియర్ అసిస్టెంటు మద్దిలేటిది. ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసులో ఆయన దాన్ని ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు. అందుకుగాను ఆ ఏడు ఆయన్ను ఉత్తమ ఉద్యోగిగా ఎంపిక చేశారు.

ఉత్తమ ఉద్యోగులకు మండలి ఇచ్చే బహుమతి ఓడ ప్రయాణం. విశాఖపట్నం రేవు నుంచి ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి ‘నీలవేణి’ అనే విహార నౌక బయలుదేరి, ఐదు రోజులు సముద్రంలో తిప్పి మళ్లీ తెచ్చి దింపుతుంది. భార్యనో భర్తనో వెంట తీసుకుపోవచ్చు.

ఈ సంగతి విన్నప్పుడు మద్దిలేటి భార్య ఓబుళమ్మ కుట్టు మిషను ఆపింది. ఇరవై ఆరేళ్లుగా ఆమె ముందు గదిలో కిటికీ పక్కనే కూర్చుని జాకెట్లు కుడుతోంది. కిటికీకి మూడడుగుల దూరంలో ఎదురింటి గోడ. తల ఎత్తితే గోడ, దించితే గుడ్డ.

“ఓడ మీద నిలబడితే ఎంత దూరం కనబడతాదంటావు?” అని అడిగింది.

“అడ్డం ఏముంటాది? కంటికి ఎంత చేతనైతే అంత” అన్నాడు మద్దిలేటి.

ఆమె గోడకేసి చూసి, “మధ్యాహ్నం రైలెక్కితే మరుసటి రోజు పొద్దునకి విశాఖపట్నం. ఒక రోజు ముందరే పోదాం. చాలు గదా” అంది. మిషను మళ్లీ తొక్కింది.

ఆ దంపతులు వేసుకున్న పథకం అంతే. ప్రభుత్వపరంగా చూస్తే అది చాలా బాధ్యతారహితమైన పథకం. ఎందుకంటే అంతకు ముందు ఏడు మండలి బృందానికి ఓడ తప్పిపోయింది.

నిజానికి ఆ బృందం రేవుకు వేళకే చేరింది. కాని ఓడ ఎక్కేముందు బ్యానరు పట్టుకుని, వెనక ఓడ కనిపించేలా ఫొటో దిగాలని ఉత్తర్వు. బ్యానరు మీద ‘విసనకర్ర’లో ‘న’ ఎగిరిపోయింది. కొత్తది రాయించుకొచ్చి, పొడుగువాళ్లను వెనక్కి, పొట్టివాళ్లను ముందుకు సర్ది ఫొటో దిగారు. ఫొటో బాగా వచ్చింది. అందులో ఓడ మాత్రం లేదు. ఈ విషయం మీద పైనుంచి ప్రశ్న వచ్చింది. ప్రశ్న వచ్చాక జవాబు ఉండాలి. జవాబు కోసం ‘ఓడ తప్పిపోవుట నివారణ సంఘం’ ఏర్పడింది.

సంఘానికి కన్వీనరు డిప్యూటీ డైరెక్టరు పరాంకుశంగారు. మార్గదర్శకాలు రాయడంలో ఆయనకు జిల్లాలో మంచి పేరుంది. విసనకర్రను ఏ చేత్తో పట్టుకోవాలన్న దాని మీద ఆయన రాసిన పద్నాలుగు పేజీల సర్క్యులరు ఇప్పటికీ అమల్లో ఉంది. ఈసారి బృందానికి నాయకుడూ ఆయనే.

సమావేశం డైరెక్టరుగారి గదిలో జరిగింది. మినిట్సు రాయడానికి మద్దిలేటిని ఓ మూల కూర్చోబెట్టారు.

“మార్చి పద్నాలుగు, గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు నౌక బయలుదేరును. బృందం ఒక దినము ముందుగా బయలుదేరవలెనని సెక్షను ప్రతిపాదించినది” అని పరాంకుశంగారు చదివారు.

ఒక రోజు అనగానే అసిస్టెంటు డైరెక్టరు ఉలిక్కిపడ్డాడు. రైలు ఆలస్యమైతే ఎవరు బాధ్యులని అడిగి, ఆయన తన వంతుగా మూడు రోజులు కలిపాడు. నాలుగయ్యాయి. పరాంకుశంగారు తుపానును దృష్టిలో పెట్టుకుని ఏడు రోజులు కలిపారు. పదకొండు. జాయింటు డైరెక్టరు కళ్లజోడు తుడుచుకుని, “ఇంతవరకూ ఊహించదగిన కారణాలకే వ్యవధి కేటాయించితిమి. ఊహించరాని కారణముల మాటేమిటి?” అన్నారు. ఊహించలేని వాటికి ఎన్ని రోజులు పడతాయో ఊహించడం కష్టం కాబట్టి, ఊహించిన వాటికి ఎన్నో వీటికీ అన్నే అని నిర్ణయమైంది. ఇరవై రెండు.

అందరూ డైరెక్టరుగారి వైపు చూశారు. కింది వాళ్లు తలా కొంత కలిపిన ఫైలు మీద ఏమీ కలపకుండా సంతకం చేస్తే ఆ సంతకానికి విలువేముంటుంది? ఆయన పదహారు కలిపారు. మొత్తం ముప్ఫై ఎనిమిది. వాటికి ‘జాగ్రత్త దినములు’ అని పేరు పెట్టారు.

మద్దిలేటి మినిట్సులో ముప్ఫై ఎనిమిది అని అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లోనూ రాశాడు. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. ముప్ఫై ఒక్కేళ్లలో అంతకన్నా వింతవి చాలా రాసింది ఆ చెయ్యి.

సమావేశం ముగుస్తుండగా పరాంకుశంగారికి మరో సందేహం వచ్చింది. “ఓడ తప్పకుండుటకు తగు చర్యలు తీసుకొంటిమి. సంతోషము. కాని విశాఖపట్నమునకు పోవు రైలే తప్పిపోయినచో?”

ఈ కోణం ఎవరికీ తట్టనందుకు అందరూ సిగ్గుపడ్డారు. రైలు తప్పిపోవుట నివారణకు ఉపసంఘం వేశారు. బృందం రైలుకు రెండు రోజుల ముందే స్టేషనుకు చేరాలని ఉపసంఘం పదినిమిషాల్లో తేల్చింది.

అలా ఫిబ్రవరి మూడో తేదీ ఉదయం తొమ్మిది మంది ఉత్తమ ఉద్యోగులు, వాళ్ల భార్యలో భర్తలో మరో తొమ్మిది మంది, నాయకుడు పరాంకుశంగారు, పెట్టెబేడాలతో నంద్యాల స్టేషనులో దిగారు. దిగారంటే, నడిచి వచ్చారు. ప్లాట్‌ఫాం చివర నిలబడితే ఓబుళమ్మకు తమ డాబా మీద ఆరేసిన దుప్పటి కనిపిస్తోంది. గంటకోసారి పరాంకుశంగారు హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచారు. స్టేషను మాస్టరు రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అడగకుండానే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఓబుళమ్మ లేచి ఇంటికెళ్లి, ఇంత జొన్నరొట్టె, వంకాయ కూర చేసుకుని వచ్చింది. పరాంకుశంగారు మద్దిలేటిని పక్కకు పిలిచారు.

“మీ సతీమణి స్టేషను నుండి గృహమునకు వెళ్లుట జరిగినది. దీనిని ప్రయాణములో తిరోగమనముగా పరిగణించవలసి వచ్చును.”

“రొట్టె తేనీకి పోయింది సార్.”

“రొట్టె పట్ల మాకు అభ్యంతరము లేదు. దిశ పట్ల అభ్యంతరము.”

మద్దిలేటి ఆ మాట భార్యకు చేరవేశాడు. ఆమె రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టి, “ఆ సారుకు కూడా ఒకటి ఇచ్చి రాపో. పొద్దుటి నుంచి ఏమీ తిన్యట్లు లేడు” అంది. పరాంకుశంగారు రొట్టె తిన్నారు. ఆ తిరోగమనం గురించి మళ్లీ ప్రస్తావన రాలేదు.

ఐదున రైలెక్కి, ఆరున విశాఖపట్నం చేరారు. అక్కడ రేవు గేటుకు మూడు వందల అడుగుల దూరంలో ఒక యాత్రికుల సత్రంలో బస. అడుగులు పరాంకుశంగారే స్వయంగా లెక్కపెట్టారు. సత్రం కిటికీలోంచి గోదాము గోడ కనిపిస్తుంది. సముద్రం ఆ గోడకు అవతల ఉంది. చప్పుడు వినిపిస్తుంది, వాసన వస్తుంది. బీచికి వెళ్లాలంటే ఆటోలో పావుగంట. కాని మార్గదర్శకాల్లో ఏడో అంశం ప్రకారం బృంద సభ్యులు రేవుకు దూరమయ్యే ఏ పనీ చేయకూడదు.

“ఇంత దూరం వచ్చి ఇంగో గోడ చూస్తాండాను” అంది ఓబుళమ్మ.

“ముప్ఫై ఏడు దినాలే గదమ్మే” అన్నాడు మద్దిలేటి. ఆ మాట అన్నాక తనకే ఎలాగో అనిపించింది.

రోజూ మూడింటికి బృందం బ్యానరుతో సహా రేవు గేటు దగ్గర వరసలో నిలబడాలి. నాలుగు దాటాక పరాంకుశంగారు రిజిస్టరులో ‘బృందము యావత్తూ సకాలములో హాజరు’ అని రాసి సంతకం చేస్తారు. గురువారాలు మాత్రం కాస్త భిన్నంగా ఉంటాయి. ఆ రోజు నిజంగానే ఓడ ఉంటుంది. తెల్లగా, ఏడంతస్తుల మేడలా ఉన్న నీలవేణి వాళ్ల కళ్లముందే జనాన్ని ఎక్కించుకుని, హారను మోగించి, మెల్లగా కదిలి వెళ్లిపోతుంది. ఫిబ్రవరి ఎనిమిదిన అలా వెళ్లింది. పదిహేనున వెళ్లింది. ప్రతిసారీ ఓడ మీది వాళ్లు చేతులు ఊపారు. బృందం బ్యానరు ఊపింది.

ఇరవై రెండో తేదీన ఓడలో టికెట్లు చూసే ఎల్లాజీ ఇక ఉండబట్టలేక వాళ్ల దగ్గరికి వచ్చాడు. విశాఖపట్నం వాడు, మనిషి మంచివాడు.

“బాబూ, మూడు వారాల్నించి సూస్తన్నాను. ఎవుల్ని సాగనంపడానికొస్తన్నారు?”

“ఎవరినీ కాదు. మేమే ప్రయాణికులము” అన్నారు పరాంకుశంగారు. టికెట్లు చూపించారు.

ఎల్లాజీ వాటిని తిరగేసి చూశాడు. “పద్నాలుగో తారీకువి. మరేటి పర్లేదండీ, ఇయ్యాల సగం గదులు కాళీ. తారీకు నాను మార్పించెస్తాను, అయిదు నిమసాల పని. ఎక్కీండి.”

వరసలో కదలిక వచ్చింది. ఓబుళమ్మ అప్పటికే సంచి భుజానికి తగిలించుకుంది. పరాంకుశంగారు చెయ్యెత్తారు.

“ఈ ఓడ ఎక్కినచో పద్నాలుగవ తేదీన మాకు ఎక్కుటకు ఓడ ఉండునా?”

“ఇది తిరిగొచ్చెస్తాదండీ. ఓడుంటాది, టికెట్టే ఉండదు.”

“అనగా పద్నాలుగవ తేదీ ఓడ మాకు తప్పిపోవును.”

ఎల్లాజీ టికెట్లు మరోసారి తిరగేశాడు. “తప్పిపోడం ఏటండీ? ముందే ఎక్కెత్తారు కదా!”

“చూడండి ఎల్లాజీగారూ,” పరాంకుశంగారి గొంతులో కోపం లేదు, చిన్నపిల్లలకు పాఠం చెప్పే ఓర్పు ఉంది. “మీరొక మౌలిక విషయమును గ్రహించవలెను. మా సంఘము పేరు ఓడ ఎక్కుట సంఘము కాదు. ఓడ తప్పిపోవుట నివారణ సంఘము. ఎక్కుట మా పరిధిలోనికి రాదు.”

హారను మోగింది. ఎల్లాజీ వెనక్కి వెనక్కి చూసుకుంటూ పరుగెత్తి ఓడెక్కాడు. ఆ రోజు అతను చెయ్యి ఊపలేదు.

సత్రానికి తిరిగొచ్చాక ఓబుళమ్మ సంచిని మంచం కింద పెట్టి, “ఏమయ్యా, నీకేమీ అనిపించలేదా?” అంది.

“సారు చెప్పిందాంట్లో తప్పేముంది?” అన్నాడు మద్దిలేటి. చాలాసేపు వెతికాడు. తప్పేమీ దొరకలేదు. అదే ఆయన్ను బాధపెట్టింది.

ఇరవై తొమ్మిదిన ఓడ వెళ్లింది. మార్చి ఏడున వెళ్లింది. ఇక తర్వాతిది తమదే. సభ్యుల ముఖాల్లో కళ వచ్చింది. చాగలమర్రి నుంచి వచ్చిన సూపర్వైజరు గడ్డం గీయించుకున్నాడు. సరిగ్గా అప్పుడే, మార్చి పదో తేదీన, ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది.

మండలి ఉద్యోగి ఎవరైనా సరే వరసగా నలభై రోజులకు మించి ప్రధాన కార్యాలయానికి దూరంగా ఉండరాదు. నలభయ్యో రోజు సాయంత్రం ఐదింటిలోగా నంద్యాలలో హాజరై సంతకం చేయాలి. బృందం కార్యాలయాన్ని వదిలి స్టేషనుకు నడిచింది ఫిబ్రవరి మూడున. నలభయ్యో రోజు మార్చి పదమూడు.

“అంటే ఓడకు ముందు రోజు” అన్నాడు మద్దిలేటి. “సార్, పదమూడు సాయంత్రం సంతకం పెట్టి, ఆ రాత్రే రైలెక్కితే పద్నాలుగు మధ్యాహ్నానికి ఇక్కడికొచ్చి పడతాం గదా.”

“అదే రోజు చేరుటయా?” పరాంకుశంగారు చెవులు మూసుకున్నంత పనిచేశారు. “ముప్ఫై ఎనిమిది జాగ్రత్త దినములు ఎచట? వెళ్లి హాజరై, తిరిగి సక్రమముగా బయలుదేరి, ఏప్రిల్ ఇరవై ఐదవ తేదీ గురువారము ఓడకు వచ్చెదము. పద్నాలుగవ తేదీ ఓడ తప్పిపోయినట్లు కాదు. మనమే దానిని వాయిదా వేసినట్లు.”

మద్దిలేటి గదికి వెళ్లి మంచం మీద కూర్చుని వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. ముప్ఫై ఎనిమిది జాగ్రత్త దినాలు, స్టేషనులో రెండు రోజులు. కలిపితే నలభై. ఏప్రిల్లో వచ్చినా నలభయ్యో రోజు ఓడకు ముందు రోజే అవుతుంది. జూన్లో వచ్చినా అంతే. లెక్క తప్పిందేమోనని మరో రెండుసార్లు చూసుకున్నాడు. తప్పలేదు. ఎప్పుడు బయలుదేరినా, ఓడ రేపనగా తాము నంద్యాలలో ఉంటారు.

ఈ సంగతి భార్యకు చెప్పాడు. ఆమె ఉత్తర్వు కాగితం అడిగి తీసుకుంది. ఐదో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుంటూ మొత్తం చదివింది.

“దీంట్లో నా పేరు యాడుండాది?”

“నీ పేరెందుకుంటాది? ఉద్యోగులని రాసినారు.”

“నేను ఉద్యోగినా?”

“కాదు.”

“అయితే నేను ఈడనే ఉంటా. పద్నాలుగున ఓడెక్కుతా. నువ్వు పోయి సంతకం పెట్టుకోపో.” కోపంగా అనలేదు. జాకెట్టు ఏ రోజుకు కావాలని అడిగినంత మామూలుగా అంది. “నీ టికెట్టు కూడా నా దగ్గరే ఉండనీ. మడిచి మడిచి పాడు చేస్తావు.”

పన్నెండో తేదీ ఉదయం ఓబుళమ్మ తప్ప బృందమంతా విశాఖపట్నం స్టేషనులో వరసగా నిలబడింది. పేరు పిలిస్తే మద్దిలేటి ‘హాజరు’ అన్నాడు. రైలు వచ్చింది. అందరూ ఎక్కారు. ఆయన తన పెట్టెను సీటు కింద తోసి, నీళ్లసీసా నింపుకొస్తానని దిగాడు. కుళాయి దగ్గర సీసా నిండుతుండగా రైలు కదిలింది.

నాలుగంగలు వేస్తే అందేది. పరాంకుశంగారు తలుపులోంచి సగం బయటికి వంగి, “మద్దిలేటీ! త్వరపడవలెను!” అని అరుస్తున్నారు. మద్దిలేటి సీసా మూత బిగించాడు. మూత సరిగా పట్టిందో లేదో బోర్లించి చూశాడు. తల ఎత్తేసరికి చివరి పెట్టె దాటిపోతోంది.

ముప్ఫై ఒక్కేళ్లలో ఆయనకు తప్పిపోయిన మొదటి బండి అది. రైలు తప్పిపోవడానికి ఏ ముందస్తు ఏర్పాటూ, ఏ సంఘమూ అవసరం లేదని తెలిసి ఆశ్చర్యపోయాడు.

సత్రానికి వెళ్లేసరికి ఓబుళమ్మ గుమ్మంలో కూర్చుని ఎవరిదో దిండుగలీబుకు కుట్లు వేస్తోంది. ఒంటి మీది చొక్కాతో, చేతిలో నీళ్లసీసాతో వచ్చిన మొగుణ్ని ఎగాదిగా చూసింది.

“పెట్టె ఏమాయ?”

“నంద్యాలకు పోయింది.”

“పోనీలే. ఎవరో ఒకరు సంతకం పెట్టల్ల గదా” అంది. మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె బజారుకెళ్లి రెండు చొక్కాల గుడ్డ తెచ్చింది. సత్రం వాళ్ల పాత మిషను అడిగి తీసుకుని మర్నాటికల్లా కుట్టేసింది.

పద్నాలుగున ఇద్దరూ భోంచేసి, రెండున్నరకు గది తాళం వేసి, నడిచి రేవుకు వెళ్లారు. ఎల్లాజీ వాళ్లను చూసి వెనక ఇంకా ఎవరైనా ఉన్నారా అని తొంగిచూశాడు.

“మిగతావోలు ఏరండీ?”

“సంతకం పెట్టనీకి పోయినారు” అన్నాడు మద్దిలేటి.

ఎల్లాజీ ఇక ఏమీ అడగలేదు. అనుభవం మీద నేర్చుకునే మనిషి. ఇద్దర్నీ తానే మెట్లెక్కించి పై అంతస్తుకు పంపాడు.

నాలుగైనా ఓడ కదల్లేదు. రావలసిన పదిహేడు మంది రాలేదట. “విసనకర్రల అభివృద్ధి మండలి వారు ఎక్కడున్నా వెంటనే ఓడ వద్దకు రావలెను” అని మైకులో మూడు భాషల్లో, మళ్లీ మళ్లీ పిలిచారు. ఓడ ఇరవై ఐదు నిమిషాలు వాళ్ల కోసం ఆగింది. తర్వాత హారను మోగింది. గోదాములు, క్రేనులు, గోడలు ఒక్కొక్కటే పక్కకు తప్పుకున్నాయి. ఓబుళమ్మ కటకటాలు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చీకటి పడేదాకా ఆమె అక్కడే ఉంది. ఐదు రోజులూ భోజనానికి పిలిస్తే తప్ప లోపలికి రాలేదు.

తిరిగి నంద్యాల చేరేసరికి మద్దిలేటి బల్ల మీద మెమో సిద్ధంగా ఉంది. ఓడ ఎక్కినందుకు కాదు. ఆ విషయం విచారించే సంఘం ఏదీ మండలిలో లేదు. మార్చి పన్నెండున రైలు తప్పిపోయినందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి. జతగా ఒక పత్రం కూడా ఉంది. అందులో రైలు తప్పిపోవడానికి మండలి ఆమోదించిన పంతొమ్మిది కారణాలు అచ్చువేశారు. ఒకదానికి టిక్కు పెట్టాలి. సొంత వాక్యాలు రాయరాదు.

ఆయన పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని మిషను పక్కన కూర్చుని చదివాడు. అనారోగ్యం, గడియారం ఆగిపోవుట, కుక్క కాటు, రాస్తారోకో... ఏదీ అతకడం లేదు.

“ఏం చూస్తాండావు అట్ల?” అంది ఓబుళమ్మ.

“బండి ఎందుకు తప్పిపోయిందో దీంట్లో లేదు. ఒకటే కొంచెం దగ్గరగా ఉండాది. పంతొమ్మిదోది. ప్రకృతి వైపరీత్యం.”

“అంటే?”

“గాలివాన, వరద, భూకంపం. మనిషి అడ్డం పడినా నిలిచేవి కాదు.”

ఆమె కళ్లజోడు పైకి తోసుకుని మొగుడి వంక చూసింది. “పెట్టు. అబద్ధమేం కాదులే” అంది.

పెట్టాడు. ఫైలు పరాంకుశంగారికి వెళ్లాలి. ఆయన అప్పటికే మిగిలిన ఎనిమిది జంటలతో రెండోసారి బయలుదేరి విశాఖపట్నంలో ఉన్నారు కాబట్టి, ఫైలును అక్కడికే పంపారు. నెల తిరిగాక అది వెనక్కి వచ్చింది. మద్దిలేటి దాన్ని విప్పాడు. అంచున ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది:

‘సంజాయిషీ సంతృప్తికరము. ఆమోదించడమైనది. ఇట్టి వైపరీత్యముల నిమిత్తము జాగ్రత్త దినములకు మరి మూడు కలుపవచ్చును. ఇచట బృందము క్షేమము. మేము వచ్చిన పిమ్మట ఇంతవరకు ఐదు ఓడలు బయలుదేరినవి. ఒక్కటియు తప్పిపోలేదు.’